లైటుతో క్యాన్సర్ కణాలు, క్రిములు చనిపోతాయా? చనిపోతాయి, లైటు చేరిన చోట

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. మీ మావయ్యగారికి నాలుక పక్కన పుండు ఎంతకీ మానకపోతే బయాప్సీ చేయించారు. క్యాన్సర్ అని తేలింది, మొదటి దశే అన్నారు, ఆపరేషన్‌కి తేదీ తీసుకోమన్నారు. ఆయనేమో నాలుక మీద కత్తి పెట్టనివ్వనని కూర్చున్నారు. ఈలోగా ఎవరో వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు. నరంలోకి మందు ఎక్కించి, పుండు మీద లేజర్ లైటు వేస్తే కోత లేకుండా క్యాన్సర్ కణాలు మాత్రమే చస్తాయని, సైడ్ ఎఫెక్టులు ఉండవని, మందులకు లొంగని బ్యాక్టీరియా, ఫంగస్ కూడా ఇదే పద్ధతిలో చస్తాయని అందులో ఉంది. ఇది నిజమేనా, నిజమైతే మన డాక్టర్లు ఎందుకు చెప్పడం లేదని అడిగారు.

ముందు ముఖ్యమైన మాట చెప్పేస్తాను. ఈ వీడియో చూసి ఆపరేషన్ వాయిదా వేయకండి. నేను డాక్టర్ని కాను. ఆస్పత్రుల్లో లేజర్లు, కాంతి చికిత్స పరికరాల దగ్గర చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఏ రంగు లైటు, ఎంత బలంతో, ఎంతసేపు, ఎంత లోతుకి వెళ్తుందో లెక్క కట్టి, కొలిచి ఇవ్వడం నా పని. ఈ చికిత్స మీద నాకు చిన్నచూపు లేదు, నిజానికి చాలా ఇష్టం. అందుకే ఇది పనికిరాని చోట దీన్ని నమ్ముకుని ఎవరైనా నష్టపోతారంటే బాధగా ఉంటుంది.

దీని పేరు ఫోటోడైనమిక్ థెరపీ, పొట్టిగా పీడీటీ. కొత్తది కాదు. 1900లో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి, తన గురువు హెర్మన్ ఫాన్ టాపైనర్ దగ్గర చేసిన ప్రయోగాన్ని ప్రచురించాడు. పారమీసియం అనే ఏకకణ జీవుల మీద అక్రిడిన్ అనే రంగు ఎంత విషమో చూడటం అతని పని. ఒకే ద్రావణం ఒక రోజు వాటిని త్వరగా చంపేది, ఇంకో రోజు అవి చాలాసేపు బతికేవి. తేడా ఎక్కడుందా అని వెతికితే, గదిలోకి వచ్చే వెలుతురులో ఉందని తేలింది. రంగు ఒక్కటే చంపదు, వెలుతురు ఒక్కటే చంపదు, రెండూ కలిస్తే చంపుతాయి. ఆ తర్వాత టాపైనర్ బృందమే మూడో భాగస్వామిని కూడా పట్టుకుంది: ఆక్సిజన్ లేకపోతే ఇది జరగదు.

లోపల జరిగేది ఇది. మందు అణువు తనకు సరిపోయే రంగు వెలుగును పీల్చుకుంటుంది. ఆ శక్తిని పక్కనే ఉన్న ఆక్సిజన్‌కి అందిస్తుంది. దాంతో మామూలు ఆక్సిజన్ సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన రూపంలోకి మారి, చుట్టూ ఉన్న కొవ్వు పొరలనీ ప్రొటీన్లనీ ఆక్సీకరించి పాడు చేస్తుంది. అయితే నీటిలో దాని ఆయుష్షు సెకనులో పది లక్షల వంతులు మూడో నాలుగో, అంతే. కణం లోపల ఇంకా తక్కువ. ఒక కణం ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్లేంత సమయం కూడా దానికి ఉండదు. కాబట్టి మందు ఎక్కడుందో, వెలుగు ఎక్కడ పడిందో, ఆక్సిజన్ ఎక్కడుందో, ఈ మూడూ కలిసిన చోటే పని జరుగుతుంది. పక్క కణానికి హాని తగ్గడానికి కారణం ఇదే. పక్కన దాక్కున్న క్యాన్సర్ కణం తప్పించుకోవడానికి కారణం కూడా ఇదే.

ఇక వెలుగు లోతు సంగతి. రాత్రి కరెంటు పోయినప్పుడు ఫోన్ టార్చి మీద అరచెయ్యి పెట్టి చూడండి. వేళ్ల అంచులు ఎర్రగా మెరుస్తాయి. నీలం, ఆకుపచ్చ రంగులను రక్తం మింగేస్తుంది, ఎరుపు మాత్రం కొంత దూరం పోతుంది. అందుకే పీడీటీ మందుల్లో ఎక్కువ భాగం 630 నుంచి 690 నానోమీటర్ల (లైటు రంగును కొలిచే లెక్క ఇది) మధ్య ఎర్ర లైటుతో పనిచేసేలా తయారు చేశారు. అయినా 630 దగ్గర గట్టిగా పనిచేసే లోతు సుమారు అర సెంటీమీటరు. సెంటీమీటరు దాటి లోపల ఉన్న కణితిని పైనుంచి లైటు వేసి చంపడం కుదరదు. లైటు బలం పెంచితే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. మరీ పెంచితే కణజాలంలోని ఆక్సిజన్ వాడుక వేగం, రక్తం తెచ్చే ఆక్సిజన్ వేగాన్ని మించిపోతుంది. అప్పుడు లైటు పడుతూనే ఉంటుంది, పని మాత్రం ఆగిపోతుంది.

ఇప్పుడు మీ మావయ్యగారి నాలుక దగ్గరికి వద్దాం. నోటి క్యాన్సర్‌కి పీడీటీ వాడకపోలేదు. టెమోపోర్ఫిన్ అనే మందు, ఫోస్కాన్ పేరుతో, తల మెడ క్యాన్సర్లకు 2001లో యూరప్‌లో అనుమతి పొందింది. అయితే ఆ అనుమతి మిగతా చికిత్సలన్నీ విఫలమైన, ముదిరిన రోగులకు ఉపశమనం కోసం. తొలి దశ నోటి క్యాన్సర్ మీద కూడా పరిశోధన జరిగింది. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో 114 మందిలో 85 శాతం మందికి కణితి పూర్తిగా కనబడకుండా పోయింది. ఇది చిన్న ఫలితం కాదు. ఆ వీడియో చేసినవాళ్లు ఇలాంటి అంకెలే చూసి ఉంటారు.

కానీ నాలుక క్యాన్సర్‌లో కంటికి కనిపించే పుండు సగం కథే. మిగతా సగం మెడలో ఉంటుంది. నాలుక నుంచి లింఫ్ నాళాల ద్వారా క్యాన్సర్ కణాలు మెడ గ్రంథుల్లోకి చేరతాయి. చేతికి గడ్డలేమీ తగలకపోయినా, స్కాన్‌లో కనబడకపోయినా చేరి ఉండొచ్చు. దీని మీద ప్రపంచమంతా నెత్తిన పెట్టుకునే అధ్యయనం మన ముంబయిలోనే, టాటా మెమోరియల్ ఆస్పత్రిలో జరిగింది. 2015లో ప్రచురించారు. తొలి దశ నోటి క్యాన్సర్ రోగుల్లో కొందరికి నోటి సర్జరీతో పాటే మెడ గ్రంథులు కూడా తీసేశారు. మిగతావారికి తర్వాత గ్రంథులు ఉబ్బితేనే తీశారు. మూడేళ్ల తర్వాత బతికి ఉన్నవారు మొదటి గుంపులో 80 శాతం, రెండో గుంపులో 67.5 శాతం. మొదటి దశే కదా అనుకునే రోగుల్లో వచ్చిన తేడా ఇది.

నాలుక మీద వేసిన లైటు మెడ గ్రంథుల్లోకి వెళ్లదు. పుండు చక్కగా మాయమైపోయి, ఆర్నెల్ల తర్వాత మెడలో గడ్డ తేలితే, ఆ ఆర్నెల్లూ మనం పోగొట్టుకున్నట్టే. మీ డాక్టర్లు పీడీటీ మాట ఎత్తకపోవడానికి కారణం తెలియక కాదు. ఈ దశలో నాలుక క్యాన్సర్‌కి ప్రామాణిక చికిత్స సర్జరీయే, దాని వెనక ఉన్న సాక్ష్యం అంత గట్టిది.

సైడ్ ఎఫెక్టులు ఉండవన్న మాట మాత్రం పూర్తిగా తప్పు. 1912లో జర్మనీలో ఫ్రీడ్రిష్ మేయర్-బెట్జ్ అనే డాక్టర్ ఈ జాతి మందు ఒంట్లో ఏం చేస్తుందో చూద్దామని 200 మిల్లీగ్రాముల హెమటోపోర్ఫిరిన్ తనకే ఎక్కించుకున్నాడు. నెలలు గడిచినా ఎండ తగిలిన చోటల్లా వాపు, మంట పోలేదు. 1970లలో అమెరికాలోని బఫలో నగరంలో, రోజ్‌వెల్ పార్క్ క్యాన్సర్ సంస్థలో థామస్ డోహర్టీ ఈ మందునే మెరుగుపరిచి క్యాన్సర్ చికిత్స దాకా తీసుకొచ్చారు. అదే ఫోటోఫ్రిన్‌గా 1993లో కెనడాలో, 1995లో అమెరికాలో అనుమతి పొందింది. దానితో కూడా కనీసం 30 రోజులు ఎండకు దూరంగా ఉండాలి. కొందరికి 90 రోజుల దాకా పడుతుంది.

ఫోస్కాన్ విషయంలో ఆ రోజులు ఎలా ఉంటాయో చెబుతాను, ఎందుకంటే వీడియోల్లో ఇది చూపించరు. కిలో బరువుకి 0.15 మిల్లీగ్రాముల మందు నరంలోకి ఎక్కిస్తారు. ఆ రోజంతా కర్టెన్లు వేసిన గదిలో, 60 వాట్ల బల్బుకు మించని వెలుతురులో ఉండాలి. తర్వాత రోజుకి కొంచెం చొప్పున ఇంట్లో వెలుతురు పెంచుకుంటూ పోవాలి. ఎప్పుడూ చీకట్లోనే ఉన్నా తప్పే, ఎందుకంటే చర్మంలో ఉన్న మందు మెల్లగా విరిగిపోవడానికి ఆ కాస్త వెలుతురు కావాలి. నాలుగు రోజులు గడిచాక 652 నానోమీటర్ల లైటు వేస్తారు. వేసే ముందు, లైటును మోసుకొచ్చే సన్నని ఫైబర్ చివర నుంచి వచ్చే లైటును పవర్ మీటర్ మీద పెట్టి కొలుస్తాం. ఫైబర్ మీద రక్తపు చుక్క పడినా, కాస్త వంగినా అంకె మారిపోతుంది. పుండు చుట్టూ ఉన్న మంచి భాగాన్ని, పెదవులను నల్ల గుడ్డతో కప్పుతారు. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్‌ని కూడా 10, 15 నిమిషాలకొకసారి మరో వేలికి మార్చాలి. దాంట్లో ఉండేది ఎర్ర లైటే మరి. ఒకే చోట ఉంచితే ఆ వేలు కాలుతుంది. చికిత్స చేసిన చోట తర్వాత నొప్పి బాగానే ఉంటుంది, నొప్పి మందులు తప్పవు. ఎండ జాగ్రత్త కనీసం 15 రోజులు. సన్‌స్క్రీన్ రాసుకుంటే చాలదు, అది ఆపేది అల్ట్రావయొలెట్‌ని. ఇక్కడ ఇబ్బంది పెట్టేది మామూలు కంటికి కనిపించే వెలుగు. మే నెలలో విజయవాడలో ఇంటి వసారాలో కూర్చున్నా సరే, ప్రమాదమే.

ఇదంతా చదివి పీడీటీ దండగ అనుకోకండి. లైటు చేరగలిగిన చోట ఇది చేసే మేలు వేరే స్థాయి. కంటిలో రెటీనా దాకా లైటు ఏ అడ్డూ లేకుండా వెళ్తుంది. వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా మధ్యభాగం) జబ్బులో రెటీనా కింద పుట్టే చెడ్డ రక్తనాళాల కోసం కెనడాలోని వాంకూవర్‌లో జూలియా లెవీ బృందం వెర్టెపోర్ఫిన్‌ని అభివృద్ధి చేసింది. విసుడైన్ పేరుతో 2000లో అనుమతి వచ్చింది. మందు ఎక్కించడం మొదలుపెట్టిన 15 నిమిషాలకి, 689 నానోమీటర్ల లైటు 83 సెకన్లు వేస్తారు. అంతే. 2006 తర్వాత కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు ఇంకా మంచి ఫలితాలు ఇవ్వడంతో దీని వాడకం బాగా తగ్గింది. అయినా ఆసియా వాళ్లలో ఎక్కువగా కనిపించే, రక్తనాళాలు బుడగల్లా ఉబ్బే పాలిపాయిడల్ రకం జబ్బులో రెటీనా డాక్టర్లు ఇప్పటికీ దీన్ని వాడతారు.

క్రిముల విషయంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఉపయోగం రక్తపు సంచుల్లో. రక్తదానంలో వచ్చిన ప్లాస్మా, ప్లేట్‌లెట్లలో పరీక్షకు దొరకని వైరస్, బ్యాక్టీరియా ఉండొచ్చు. ముఖ్యంగా ప్లేట్‌లెట్లను గది వేడిలోనే ఉంచుతారు కాబట్టి బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఎక్కువ. సంచిలోకి అమోటోసలెన్ అనే మందు కలిపి అల్ట్రావయొలెట్-ఏ లైటు కింద పెడతారు. ఈ మందు ఆక్సిజన్ దారిలో పోదు. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ పోగుల మధ్య దూరి కూర్చుంటుంది, లైటు పడగానే పోగులను ఒకదానికొకటి తగిలించి బిగించేస్తుంది. ఇక ఆ క్రిమి తన నకలు తీసుకోలేదు. ప్లేట్‌లెట్లకు కేంద్రకమే లేదు కాబట్టి వాటి పని సాగిపోతుంది. ఇంటర్‌సెప్ట్ అనే ఈ పద్ధతికి అమెరికాలో 2014 డిసెంబరులో అనుమతి వచ్చింది. ప్లాస్మాకి మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు, ఇంకో పద్ధతిలో మనం తినే బీ2 విటమిన్ రైబోఫ్లావిన్ కూడా వాడతారు. ఇవి ఇంత చక్కగా పనిచేయడానికి కారణం సంచి పలచగా పరుచుకుని ఉంటుంది, ద్రవంలోంచి లైటు ప్రతి మూలకీ వెళ్తుంది. ఎర్ర రక్తకణాల సంచికి ఇదే పని చేయాలంటే చాలా కష్టమైంది, ఆ ఎరుపే లైటును తాగేస్తుంది. ఇందులోనూ అన్ని క్రిములూ చావవు. హెపటైటిస్-ఏ లాంటి, పైన కొవ్వు పొర లేని కొన్ని వైరస్‌లు గట్టిగా తట్టుకుంటాయి.

అమోటోసలెన్ సోరాలెన్ల కుటుంబానికి చెందింది. మన పెద్దలు బొల్లి మచ్చలకు వాడిన బావంచాల్లో ఉండేదీ సోరాలెనే. బావంచాల పొడి రాసుకుని ఎండలో కూర్చోమనే పాత వైద్యం వెనక ఉన్నది కాంతి రసాయనమే. ఈ సంగతి తెలిసి మీరు ఇంట్లో ప్రయత్నించకండి. డోసు తెలియకుండా ఎండలో కూర్చుని బొబ్బలు తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. చర్మ డాక్టర్లు దీన్నే కొలిచిన మందు, కొలిచిన లైటుతో చేస్తారు.

ముక్కులో ఉండే స్టాఫిలోకాకస్ (పొట్టిగా స్టాఫ్) బ్యాక్టీరియా మీద కూడా మంచి పని జరిగింది. వాంకూవర్ జనరల్ ఆస్పత్రిలో పెద్ద ఆపరేషన్లకు ముందు రోగుల ముక్కులో మిథిలీన్ బ్లూ పూసి ఎర్ర లైటు పెట్టారు, ఒళ్లు క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారకంతో తుడిచారు. 3 వేల పైచిలుకు రోగుల్లో ఆపరేషన్ గాయానికి ఇన్ఫెక్షన్ అంతకుముందు 2.7 శాతం ఉండేది, 1.6 శాతానికి తగ్గింది. రెండు పనులూ కలిపి చేశారు, పోల్చింది పాత రోగులతో. కాబట్టి ఆ ఘనత అంతా లైటుదే అనలేం. అయినా దారి బాగుంది. సింగ్లెట్ ఆక్సిజన్ బ్యాక్టీరియాను ఒకే చోట కాకుండా నాలుగు వైపులా కొడుతుంది, అందువల్ల యాంటీబయాటిక్‌కి అలవాటు పడ్డట్టు దీనికి అలవాటు పడటం బ్యాక్టీరియాకి తేలిక కాదు. గ్రామ్-నెగటివ్ అనే రకం బ్యాక్టీరియాకు మాత్రం బయట అదనపు పొర ఉంటుంది, ధనావేశం ఉన్న మందులైతేనే దాన్ని బాగా దాటతాయి. ఇంకో పరిమితి, లైటు ఆపగానే చంపడం కూడా ఆగిపోతుంది. రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన ఇన్ఫెక్షన్‌కి ఇప్పటికీ యాంటీబయాటికే గతి.

ఫంగస్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన పల్లెల్లో ఇది నిత్యం కనిపించే సమస్య. వరి కోతల్లో ఆకు అంచు గీసుకునో, ధాన్యపు పొట్టు ఎగిరిపడో కంటి నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు పడుతుంది. కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) గట్టిపరచడానికి వాడే రైబోఫ్లావిన్, అల్ట్రావయొలెట్ చికిత్స, ఆ పొర పలచబడి ముందుకు ఉబ్బే కెరటోకోనస్ జబ్బులో చాలా బాగా పనిచేస్తుంది. అదే పద్ధతి ఫంగస్‌ని కూడా చంపుతుందేమోనని మదురై అరవింద్ కంటి ఆస్పత్రిలో పద్ధతి ప్రకారం పరీక్షించారు. 2020లో ఫలితం వచ్చింది. మందు చుక్కలకు తోడుగా లైటు చికిత్స ఇచ్చినందువల్ల అదనపు మేలు కనబడలేదు, చూపు కొంత తక్కువగా ఉంది కూడా. నా ఉద్దేశంలో ఇక్కడా అడ్డం వచ్చేది లోతే. రైబోఫ్లావిన్ తానే పైపొరల్లో లైటును పీల్చేస్తుంది, ఫంగస్ దారాలు దాని కిందికి పాకి ఉంటాయి. కాబట్టి మీ ఊళ్లో ఎవరికైనా కంట్లో ఇలా దెబ్బ తగిలితే, లైటు కోసం వెతక్కుండా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఫంగస్‌కి నాటమైసిన్ చుక్కలు వేస్తారు. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే మాత్రం ఫంగస్ ఇంకా రెచ్చిపోతుంది.

క్యాన్సర్‌లో ఇప్పుడు నేను ఆశగా చూస్తున్న దారి జపాన్‌ది. హిసతాకా కొబయాషి 2011లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఉండగా, క్యాన్సర్ కణాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీకే లైటు గ్రహించే రంగును అతికించారు. మందు ఒళ్లంతా పరుచుకోకుండా కణం మీదే అంటుకుంటుంది. 690 నానోమీటర్ల లైటు పడగానే ఆ కణం పొర చిరిగిపోతుంది. అకాలక్స్ పేరుతో 2020లో జపాన్‌లో అనుమతించారు. అదీ కోసి తీయలేని, లేదా తిరగబెట్టిన తల మెడ క్యాన్సర్లకు. లోతుగా ఉన్న కణితుల్లోకి సూదుల్లోంచి ఫైబర్లు గుచ్చి లోపలి నుంచి లైటు వేస్తారు. కోసి తీయగలిగిన మొదటి దశకు ఇది వర్తించదు.

మీ మావయ్యగారితో మాట్లాడేటప్పుడు "నాలుక కోసేస్తారు" అన్న మాట తీసేయండి. చిన్న కణితి అయితే చుట్టూ కొంత అంచుతో ఆ భాగం వరకే తీస్తారు. ఎంత భాగం పోతుంది, మాట, మింగడం ఎలా ఉంటాయి, స్పీచ్ థెరపీ ఎప్పుడు మొదలుపెడతారు, మెడ గ్రంథులు అదే రోజు తీస్తారా అని సర్జన్‌ని ఆయన ముందే అడగండి. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. ఎమ్మారై రిపోర్టులో కణితి లోతు ఎన్ని మిల్లీమీటర్లో రాసి ఉంటుంది, అది చూడండి. 2 సెంటీమీటర్ల లోపు సైజు, 5 మిల్లీమీటర్ల లోపు లోతు ఉంటే టీ1, అంటే కణితి సైజులో మొదటి మెట్టు, అంటారు. గుట్కా, ఖైనీ, చుట్ట ఏది అలవాటున్నా ఇవాళే మానిపించండి. క్యాన్సర్ ఆపరేషన్లు ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దీని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) కింద వస్తాయి, ఖర్చు గురించి ఆగిపోతున్నట్టయితే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. ఎవరైనా "లైట్ థెరపీ" అని డబ్బు కట్టమంటే మందు పేరు, లైటు ఎన్ని నానోమీటర్లు, మెడకు ఏం చేస్తారు అన్న మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసి జవాబు కూడా రాసివ్వమనండి. ఆ కాగితం మీ సర్జన్‌కి చూపించకుండా ఒక్క రూపాయి కూడా కట్టకండి.